ఆల్ట్‌డార్ఫ్ నాటకశాల: ఊరివారే వేదిక ఎక్కే ఊరు

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వెలువడిన ఆల్ప్స్ యాత్రా వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. మంచు శిఖరాలు, కొండలెక్కే పళ్ల చక్రాల రైళ్లు, మన సినిమా పాటలు చిత్రీకరించిన పచ్చిక బయళ్లు, వీటన్నింటి గురించీ వ్యాసకర్త ఓపికగా రాశారు. అయితే స్విట్జర్లాండ్‌లోని ఆల్ట్‌డార్ఫ్ పట్టణం గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అక్కడ స్విస్ జానపద వీరుడు విలియం టెల్ విగ్రహం ఉందనీ, దాని ముందు ఫొటో తీసుకుని తర్వాతి రైలుకు బయలుదేరవచ్చుననీ. ఆ విగ్రహానికి కొద్ది నిమిషాల నడక దూరంలో ఒక నాటకశాల ఉంది. పట్టణవాసులు తమ సభాభవనంగా వాడుకునే ఆ భవనాన్ని చూడకుండా వెనుదిరిగినవారు ఆల్ట్‌డార్ఫ్‌ను చూసినట్టు నేను భావించను. చాలా ఏళ్లుగా లూసెర్న్ ప్రాంతంలో నివసిస్తున్న తెలుగువారిలో ఒకరిగా, నాటకం మీద అభిమానం ఉన్న పాఠకులుగా, ఆ వాక్యానికి కొంత చేర్పు అవసరమని తోచి ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఒక సభాభవనం ఊరి సొత్తుగా నిలవాలంటే ఊరివారు అందులో ప్రేక్షకులుగా కూర్చుంటే చాలదు, వారే వేదిక ఎక్కాలి. దీనికి నాకు తెలిసినంతలో ఆల్ట్‌డార్ఫ్ కంటే గట్టి ఉదాహరణ లేదు.

ముందుగా ఆ ఊరు ఎటువంటిదో చెప్పాలి. స్విస్ సమాఖ్యకు పునాది వేసిన మూడు ప్రాంతాలలో ఒకటైన ఊరీ కాంటన్‌కు ఆల్ట్‌డార్ఫ్ ముఖ్యపట్టణం. కాంటన్ అంటే మన రాష్ట్రం వంటిది అని చెప్పుకోవచ్చు గానీ, ఊరీ మొత్తం జనాభా సుమారు 37 వేలు మాత్రమే, ఆల్ట్‌డార్ఫ్ జనాభా పదివేల లోపే. లూసెర్న్ సరస్సు దక్షిణపు కొసన, రాయిస్ నది లోయలో, రెండు వైపులా నిటారుగా లేచిన కొండల మధ్య ఈ పట్టణం ఉంది. ఉత్తర ఐరోపా నుంచి ఇటలీకి గోథార్డ్ కనుమ మీదుగా సాగిన బాటసారులు, వర్తకులు, సైన్యాలు శతాబ్దాలపాటు దీని వీధుల గుండానే నడిచారు. 1799 సెప్టెంబరులో రష్యన్ సేనాని సువోరోవ్ సైన్యం ఈ లోయలోకి దిగేనాటికి పట్టణం దాదాపుగా బూడిద రాశి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఈ లోయలో దక్షిణం నుంచి దిగివచ్చే ఫ్యోన్ అనే వేడిగాలి ఎంత భయంకరమైనదంటే, అది వీచే వేళ నిప్పు విషయంలో ప్రత్యేకంగా కాపలా కాయడం తరతరాల ఆచారమైంది. ఇప్పుడు కనిపించే పాత పట్టణంలో అధిక భాగం ఆ మంటల తర్వాత తిరిగి కట్టుకున్నదే.

ఇటువంటి ఊరికి నాటకంతో ఉన్న బంధం, పర్యాటకుల కోసం మొన్నమొన్న కల్పించిన వేడుక వంటిది కాదు. టెల్ కథను నాటకంగా మలచిన తొలి రచన ఊరీలోనే పుట్టింది. దానిని సుమారు 1512 ప్రాంతానిదిగా చెబుతారు. 2012లో పట్టణం ఐదువందల ఏళ్ల నాటక సంప్రదాయాన్ని జరుపుకున్నది ఆ లెక్కనే. టెల్ కథ మీద జర్మన్ కవి షిల్లర్ రాసిన ప్రఖ్యాత నాటకం జర్మనీలోని వైమార్‌లో తొలిసారి ప్రదర్శితమైనది 1804 మార్చిలో, అంటే ఊరీ ప్రజలు తమ కథను తామే ఆడుకోవడం మొదలుపెట్టిన దాదాపు మూడు శతాబ్దాలకు. విశేషమేమంటే షిల్లర్ స్విట్జర్లాండ్‌ను ఎన్నడూ చూడలేదు. గ్రంథాలు చదివి, పటాలు పరిశీలించి, అక్కడ పర్యటించి వచ్చిన సాటి కవి గోథే చెప్పిన సంగతులు విని ఆ కొండలను, సరస్సును, గాలిని రంగస్థలం మీదికి తెచ్చాడు. ఆ రచన మీద ఊరీ ప్రజలకు ఎంత ప్రేమ కలిగిందంటే, పరాయి దేశపు కవి మాటలను తమ మాటలుగా స్వీకరించి, 1899లో కొయ్యతో కట్టుకున్న నాటకశాలలో దానిని స్వయంగా ప్రదర్శించడం మొదలుపెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1895లో, రిచర్డ్ కిస్‌లింగ్ రూపొందించిన టెల్ విగ్రహాన్ని నడివీధిలోని పాత బురుజు ముందు ఆవిష్కరించారు. భుజాన విల్లు, పక్కన నడిచివస్తున్న కొడుకు, మీ వ్యాసంలోని ఛాయాచిత్రంలో ఉన్నది అదే. 1925లో నాటకానికి టెల్‌స్పీల్‌హౌస్ అనే పక్కా గృహం అమరింది. థియేటర్ ఊరీ అన్న పేరుతో ఇప్పుడు ఏడాది పొడవునా పనిచేస్తున్నది ఆ గృహమే.

కథ మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. ఆస్ట్రియా ప్రభువుల తరఫున పెత్తనం చేసే గెస్లర్ తన టోపీని గుంజకు తగిలించి దారినపోయేవారంతా దానికి నమస్కరించాలని శాసిస్తాడు. టెల్ తల వంచడు. శిక్షగా కొడుకు తల మీద ఉంచిన ఆపిల్ పండును బాణంతో కొట్టవలసి వస్తుంది. మనం దీనిని చిన్నతనంలో గురి తప్పని విలుకాడి కథగానే విన్నాము. ఆల్ట్‌డార్ఫ్‌లో కూర్చుని చూసినప్పుడు మాత్రం ఇది ఒక ఊరి కథ అని అర్థమవుతుంది. ఎందుకంటే షిల్లర్ ఈ ఘట్టాలను జరిపించినది సరిగ్గా ఇక్కడే. టోపీ నిలిపింది ఆల్ట్‌డార్ఫ్‌లో, ఆపిల్ ఘట్టం ఆల్ట్‌డార్ఫ్ పక్కనున్న మైదానంలో. ఆ ఘట్టానికి కాస్త ముందు బాలుడు వాల్టర్ తండ్రిని ఒక ప్రశ్న అడుగుతాడు. ఆ కొండ మీది చెట్లను గొడ్డలితో కొడితే నెత్తురు కారుతుందట, నిజమేనా అని. ఆ అడవి లేకపోతే మంచుకొండలు ఎప్పుడో విరిగిపడి ఆల్ట్‌డార్ఫ్‌ను కప్పివేసేవని తండ్రి వివరిస్తాడు. ఆ అడవి కల్పన కాదు. పట్టణానికి పైన ఉన్న ఆ వనాన్ని నరకరాదని 1387లోనే శాసనం చేసుకున్నారు. నాటకశాల నుంచి బయటికి వచ్చి తలెత్తితే అది కనిపిస్తుంది. వేదిక మీది మాటకూ కిటికీ బయటి కొండకూ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండే నాటకశాలలు లోకంలో ఎన్ని ఉంటాయో నేను చెప్పలేను గానీ, నేను చూసినవాటిలో ఇదొక్కటే.

ఈ నాటకంలోనే ఇంకొక ఘట్టం ఉంది. సభాభవనాల గురించి ఆలోచించే ఎవరికైనా అది ముఖ్యమైనదని నా అభిప్రాయం. మొదటి అంకంలో ఆల్ట్‌డార్ఫ్ ప్రజల చేత ఒక కోట కట్టిస్తుంటారు. ఊరీని అణచి ఉంచడానికే దానిని కడుతున్నామని పాలకులు దాని పేరులోనే చాటుకుంటారు. ముసలివారిని సైతం రాళ్లు మోయిస్తారు. పైకప్పు వేస్తున్న పనివాడు జారిపడి చనిపోతాడు. దొరసాని ఒకామె తన నగలు విసిరి అతన్ని బతికించమంటే, బంగారంతో అన్నీ కొనవచ్చుననుకుంటారు మీరంతా అని మేస్త్రీ మండిపడతాడు. అయిదో అంకంలో ఆ కోటను ఊరే కూలగొడుతుంది. గెస్లర్ టోపీని తగలబెట్టాలని కొందరు అంటే, నిన్నటి దాకా పెత్తనానికి గుర్తుగా ఉన్న దానిని ఇకపై స్వేచ్ఛకు గుర్తుగా దాచుకుందామని పెద్దలు నిర్ణయిస్తారు. నిర్బంధంతో ఊరి చేత కట్టించిన కట్టడం ఊరి చేతిలోనే కూలడాన్ని, ఊరు తన కోసం తాను నిలుపుకున్న భవనంలో, ఆ ఊరివారే ఆడి చూపించడం అక్కడ జరుగుతున్నది. ఇందులో ఉన్న బలం ఏ రాజధాని నగరపు నాటకశాలకూ రాదు, అక్కడి నటులు ఎంత నిపుణులైనా సరే.

నటులు ఎవరన్నది ఇక్కడ అసలు ప్రశ్న. ఆల్ట్‌డార్ఫ్‌లో టెల్‌ను ఆడేవారు వృత్తి నటులు కారు. ఆ పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో బతికేవారు, పగలు తమ తమ పనులు చేసుకుని సాయంత్రాలు సాధనకు వచ్చేవారు. నాటక సంఘం కొన్నేళ్లకొకసారి కొత్తగా ప్రదర్శన తలపెడుతుంది. ఎవరికి ఏ పాత్ర అన్నది ఊళ్లో పెద్ద ముచ్చట. ఒకప్పుడు కొడుకు వాల్టర్‌గా నిలిచిన పిల్లవాడు పెద్దయ్యాక వేరే పాత్రతో తిరిగి వేదిక ఎక్కగలడు. అలాంటి ఊళ్లో ఈ నాటకం తెలియని కుటుంబం ఉండదు. దర్శకత్వం మాత్రం వృత్తి రంగస్థలం నుంచి వచ్చినవారికి అప్పగించే పద్ధతి ఉంది. ఇది నాకు ఎంతో నచ్చిన పద్ధతి. 2008లోనూ 2012లోనూ దర్శకత్వం వహించిన ఫోల్కర్ హెస్సె ఆధునిక రంగస్థలంలో పేరున్న వ్యక్తి. 2016 జూన్‌లో 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగాన్ని ప్రారంభించినప్పుడు జరిగిన భారీ ప్రదర్శనకు రూపకల్పన చేసినది కూడా ఆయనే. ఆ సొరంగం ఉత్తర ద్వారం ఆల్ట్‌డార్ఫ్‌కు పొరుగునే ఉన్న ఎర్స్ట్‌ఫెల్డ్ వద్ద ఉంది. ఔత్సాహికులని వారిని చిన్నచూపు చూడకుండా, వారి నుంచి గట్టి పని రాబట్టగల దర్శకుడిని పిలిపించుకోవడం, ఆ దర్శకుడు అడిగే కొత్తదనానికి ఊరు సిద్ధపడడం, ఈ రెండూ ఉన్నందువల్లనే ఒకే నాటకం ఇన్ని తరాలుగా పాచిపోకుండా నిలిచింది.

పాచిపోవడానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి కూడా. టెల్ అనే మనిషి నిజంగా జీవించాడనడానికి సమకాలికమైన ఆధారం లేదు. ఈ ఘటనలు జరిగాయని సంప్రదాయం చెప్పే 1307కూ, ఈ కథ కనిపించే తొలి రాతప్రతి అయిన సార్నెన్ శ్వేతగ్రంథానికీ మధ్య నూట అరవై ఏళ్ల ఎడం ఉంది. డెన్మార్క్ జానపద గాథలోనూ ఇటువంటి విలుకాడే ఉన్నాడని చూపుతూ 1760లో వెలువడిన ఒక చిన్న పుస్తకాన్ని ఊరీ ప్రభుత్వం బహిరంగంగా తగలబెట్టించింది. అది సమర్థించదగిన పని కాదు. ఒక ఊరికి తన కథ ఎంత ప్రాణప్రదమో మాత్రం దానివల్ల తెలుస్తుంది. నేటి ఊరీలో ఆ చర్చ స్వేచ్ఛగా సాగుతుంది. టెల్ చరిత్రా కల్పనా అన్న ప్రశ్న వారి నాటకానికి అడ్డు రాలేదు, ప్రతి కొత్త ప్రదర్శనా ఆ ప్రశ్నను తనకు తోచినట్టు ఎదుర్కొంటుంది. ఇక ఈ నాటకపు శక్తిని బయటివారు గుర్తించిన తీరు చెప్పాలంటే, మొదట దానిని పొగిడిన నాజీ ప్రభుత్వమే 1941లో హిట్లర్ ఆదేశంతో జర్మనీలో దాని ప్రదర్శనను నిషేధించింది. అంతకు చాలా ముందే ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య వీరుడు హోసె రిజాల్ దానిని తన మాతృభాష తగలాగ్‌లోకి అనువదించాడు.

ఇంతవరకూ నాటకం గురించి చెప్పాను. భవనం మిగతా రోజుల్లో ఏం చేస్తుందన్నది అంతే ముఖ్యం. టెల్ ప్రదర్శన లేని కాలంలో ఆ తలుపులు మూసి ఉంటే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాను. సంగీత కచేరీలు, బయటి బృందాల నాటకాలు, హాస్య ప్రదర్శనలు, స్థానిక సంఘాల సభలు, విందులు, అన్నీ అక్కడ జరుగుతాయి. 1999 నుంచి రెండేళ్లకొకసారి ఆగస్టులో పట్టణంలో ఆల్పెన్‌ట్యోనె అనే సంగీతోత్సవం జరుగుతున్నది. ఆల్ప్స్ పర్వతాలు ఒక్క స్విట్జర్లాండ్‌వి కావు. ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియా, స్లొవేనియాల దాకా వ్యాపించిన ఆ పర్వతశ్రేణిలోని జానపద బాణీలను నేటి జాజ్‌తో, శాస్త్రీయ సంగీతంతో కలిపి కొత్తగా వినిపించే ఉత్సవం అది. పర్వత వాద్యమంటే పొడవాటి కొమ్ముబూర మాత్రమేనని అనుకునేవారు అక్కడ ఒక సాయంత్రం గడిపితే ఆ అభిప్రాయం మారిపోతుంది. ఇదే పట్టణంలో జానపద సంగీతానికి శిక్షణ, సమాచారం అందించే ప్రత్యేక సంస్థ కూడా ఉంది. చలికాలం చివర వచ్చే కార్నివాల్ రోజుల్లో డప్పులు, ఇత్తడి వాద్యాలతో ఊరంతా ఒకే బాణీని వాయిస్తూ వీధుల్లో తిరుగుతుంది. పదివేలమంది లేని ఊరికి ఇంత సంగీతం, ఇంత నాటకం ఎలా సాధ్యమని నన్ను మన స్నేహితులు అడుగుతుంటారు. నా సమాధానం ఎప్పుడూ ఒకటే. ఆ పదివేలలో వినేవారికంటే వాయించేవారి నిష్పత్తి ఎక్కువ.

ఆల్ట్‌డార్ఫ్ నాటకశాల పేరున్నది కాబట్టి దాని గురించి రాస్తున్నాను గానీ, దాని వెనుక ఉన్న పద్ధతి ఈ దేశంలో దాదాపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది, దాన్ని మేము స్వయంగా అనుభవిస్తున్నాము. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ వేడుకలను జరుపుకునేది ఎక్కువగా ఇటువంటి పురపాలక సభాభవనాలను అద్దెకు తీసుకునే. చిన్న ఊళ్లలో అవి పగటిపూట పాఠశాల వ్యాయామశాలలు. నేల మీద బంతాటల కోసం గీసిన రంగు గీతలు ఉంటాయి, ఒక కొసన తెరలతో సహా వేదిక ఉంటుంది, పక్కన పెద్ద వంటగది ఉంటుంది. భవనాన్ని చూసుకునే ఉద్యోగి ఒకరు ఉంటారు. తాళాలు ఇచ్చేటప్పుడు పళ్లేలు, గ్లాసులు లెక్కపెట్టి అప్పగించి, మర్నాడు లెక్కపెట్టి తీసుకుంటారు. నేల తుడిచి, బల్లలు మడిచి, చెత్తను వేరుచేసి వెళ్లవలసింది మేమే. మొదట్లో మనవారికి ఇది విసుగు కలిగించిన మాట నిజం. రాత్రి పొద్దుపోయాక తప్పెటలు మోగకూడదన్న నియమం మీద వాదనలు కూడా జరిగాయి. క్రమంగా తెలిసివచ్చినది ఏమిటంటే, ఆ నియమాలన్నీ మరుసటి రోజు ఆ గదిలోకి వచ్చే పాటల బృందం కోసం, వ్యాయామ సంఘం కోసం, బడిపిల్లల కోసం. ఒకరి తర్వాత ఒకరు వాడుకునే చోట శుభ్రత అనేది పొరుగువారి పట్ల చూపే మర్యాద.

ఆ సంఘాలే ఏడాదికొకసారి తమ సొంత వినోద సాయంత్రాన్ని ఏర్పాటు చేస్తాయి. ముందు పాటలు, తర్వాత ఊరివారే వేసే హాస్య నాటకం, మధ్యలో బహుమతుల లాటరీ, చివరకు భోజనం. రొట్టెల దుకాణం యజమానురాలు మామ్మగారి వేషంలో, బడిపంతులు దొంగ వేషంలో కనిపిస్తే పిల్లలు కేకలు వేయడం నేను చూశాను. నటన గొప్పగా ఉండాలని ఎవరూ ఆశించరు, పాఠం మరచిపోతే తెర పక్క నుంచి అందించడానికి మనిషి ఉంటాడు. ఆల్ట్‌డార్ఫ్ వంటి చోట వందలమంది కలిసి పెద్ద నాటకాన్ని మోయగలగడం వెనుక ఇటువంటి చిన్న వేదికల మీద దేశమంతటా అలవడిన ధైర్యం ఉంది. ఈ సంఘాలు ఏర్పాటు చేసుకోవడం కూడా సులభం. స్విస్ పౌరస్మృతి ప్రకారం కొందరు కలిసి నియమావళి రాసుకుంటే చాలు, ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి కాదు. చాలా ఊళ్లలో స్థానిక సంఘాలకు ఒక అద్దె, బయటివారికి ఎక్కువ అద్దె. భవనానికి పెద్ద మరమ్మతు చేయాలంటే ఆ ఖర్చును ఊరి సభలోనో, ఓటింగులోనో పౌరులే ఆమోదించాలి. లాటరీ లాభాలలో తమ వాటాను కాంటన్లు సంస్కృతికి, క్రీడలకు కేటాయిస్తాయి. ఖర్చుకు చేయెత్తినవారికి ఆ భవనంలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవాలన్న పట్టుదల సహజంగానే ఉంటుంది.

ఇక్కడ ఒక పోలిక తప్పదు. ఊరీ కాంటన్‌లోనే, ఆల్ట్‌డార్ఫ్ నుంచి కనుమ దారిలో పైకి వెళితే ఆండర్‌మాట్ అనే కొండ గ్రామం ఉంది. ఈజిప్టు పెట్టుబడిదారు సమీహ్ సావిరిస్ అక్కడ పెద్ద విహార కేంద్రాన్ని నిర్మించారు. దానిలో భాగంగా 2019లో సుమారు 650 మంది కూర్చోగల కచేరీ మందిరం ఒకటి తెరుచుకుంది. నేల అడుగున సమావేశాల కోసం ఉద్దేశించిన గదికి పైకప్పును ఎత్తి, అద్దాల గోడలు అమర్చి, బయటి మంచులో నడిచేవారికి కూడా లోపలి వాద్యబృందం కనిపించేలా దానిని తీర్చిదిద్దారు. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో దానిని ప్రారంభించారు. వాస్తుపరంగా అది అందమైన పని, శ్రేష్ఠమైన సంగీతాన్ని మారుమూల లోయలోకి తెచ్చిన పని, దానిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కానీ పెట్టుబడి పెట్టినవారి ఆసక్తి రేపు మరోవైపు మళ్లితే ఆ వేదిక మీద ఎవరు వాయిస్తారన్న ప్రశ్న దానికి ఎప్పుడూ ఉంటుంది. ఆల్ట్‌డార్ఫ్ వేదికకు ఆ ప్రశ్న లేదు. అతిథులు రాని ఏడాది కూడా అక్కడ ఊరివారు ఉంటారు. రెండు భవనాలూ అవసరమే కావచ్చు, ఎంచుకోమంటే నేను ఎంచుకునేది మాత్రం ఆల్ట్‌డార్ఫ్ భవనాన్నే.

మన నేల మీద ఇటువంటిది లేదని నేను అనడం లేదు. పల్నాటి వీరుల కథ జరిగిన కారంపూడిలో ఏటా కార్తీక మాసం చివర జరిగే వీరారాధన ఉత్సవాలలో, కథ జరిగిన చోటే దాని వారసులు ఆ కథను మళ్లీ జీవింపజేయడం చూసినవారికి ఆల్ట్‌డార్ఫ్ ఏమాత్రం పరాయిగా అనిపించదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని, ఎన్నో ఊళ్లలో పరిషత్తుల పోటీల కోసం గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైతులు రాత్రిళ్లు సాధన చేసి నాటకాలు ఆడిన చరిత్ర మనకు ఉంది. లోటు ఉన్నది ఆ ఔత్సాహికులకు స్థిరమైన చోటు దొరకడంలో. పట్టణాలలోని సభాభవనాల వేళలు పెళ్లిళ్లతో, సత్కార సభలతో నిండిపోయి, సాధనకు గది అడిగిన స్థానిక బృందానికి పూర్తి అద్దె చెప్పే పరిస్థితి మారాలని నేను కోరుకుంటున్నాను. ఏ కొత్త కళాభవనానికి శంకుస్థాపన జరిగినా, అందులో స్థానిక బృందాలకు ఏడాదికి ఎన్ని సాయంత్రాలు కేటాయిస్తున్నారో అప్పుడే రాతపూర్వకంగా చెప్పమని అడగడం పత్రికలు చేయగల పని.

యాత్రకు వచ్చే మన పాఠకులకు రెండు ఆచరణీయమైన సూచనలు చేస్తాను. లూసెర్న్ నుంచి ఓడ మీద ఫ్ల్యూలెన్ రేవు దాకా వచ్చి అక్కడి నుంచి బస్సులో ఆల్ట్‌డార్ఫ్ చేరవచ్చు. ఆ ఓడ దారి వెంట, స్విస్ సమాఖ్యకు పునాది వేసిన ప్రాంతాలవారు ప్రమాణం చేశారని చెప్పే రూట్లీ మైదానం, టెల్ పేరున సరస్సు ఒడ్డున వెలసిన చిన్న ప్రార్థనాలయం కనిపిస్తాయి. రైలులో రాదలచినవారికి 2021 చివరి నుంచి గోథార్డ్ మార్గంలో వెళ్లే దూరప్రయాణ రైళ్లలో కొన్ని ఆల్ట్‌డార్ఫ్‌లోనే ఆగుతున్నాయి. బయలుదేరే ముందు థియేటర్ ఊరీలో ఆ వారం ఏముందో చూసుకుని, టెల్ నాటకం ఆడుతున్న సంవత్సరమైతే టిక్కెట్టు ముందే తీసుకోవాలి. భాష జర్మన్ అయినా కథ తెలిసినదే కాబట్టి అనుసరించడం కష్టం కాదు. ఆ రోజుకు ఏ ప్రదర్శనా లేకపోయినా పక్క గ్రామమైన బ్యూర్గ్లెన్‌లోని టెల్ ప్రదర్శనశాలను చూడవచ్చు. టెల్ పుట్టిన ఊరు అదేనని అక్కడివారి నమ్మకం.

చివరగా మీకు నా విన్నపం ఇది. మీ ఆదివారం అనుబంధంలో విదేశ యాత్రల శీర్షిక కింద ప్రతి నెలా ఒక్క వారమైనా, ఆయా ఊళ్ల సభాభవనాలకు, నాటకశాలలకు, అక్కడ సాధన చేసే స్థానిక బృందాలకు చోటు కల్పించండి. లోకంలో వేర్వేరు దేశాలలో నివసించే తెలుగు పాఠకులు తమ ఊళ్లలోని ఇటువంటి వేదికల గురించి రాయగలరు, ఆహ్వానిస్తే నేను కూడా రాస్తాను. అలాగే తెలుగు రాష్ట్రాలలోని పురపాలక సభాభవనాల వాడకం మీద, వాటి అద్దెలు, స్థానిక బృందాలకు దొరికే వేళలు, మరమ్మతుల స్థితిగతుల మీద మీ విలేకరులతో ఒక వరుస కథనం రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ పాఠకుడు, లూసెర్న్, స్విట్జర్లాండ్